సాయంత్రం కాల్చిన వరికొయ్యల పొగ ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: వానాకాలం వరిని హార్వెస్టర్‌తో కోయించాను. యాసంగి నాట్లకు సమయం తక్కువగా ఉందని కొయ్యకాళ్లు, గడ్డి కాల్చేద్దామనుకుంటున్నాను. సాయంత్రం గాలి తగ్గాక అంటిస్తే నిప్పు అదుపులో ఉంటుంది, పొగ పైకి పోయి కలిసిపోతుంది. మన పొగ పక్క జిల్లాల దాకా పోతుందని కంప్యూటర్‌లో లెక్కకట్టి చెబుతున్నారు. అది ఎంతవరకు నిజం? ఏ వేళ కాలిస్తే మంచిది?
– ఒక రైతు, కరీంనగర్ జిల్లా

జవాబు: రైతు సోదరా, ముందుగా మీ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను. పొగ హాని చేయని వేళ అంటూ ఏదీ లేదు. మీరు ఎంచుకున్న సాయంత్రం వేళ మాత్రం ఊరికి అన్నిటికంటే చెడ్డది. ఎందుకన్నది ఆ లెక్క సాగే తీరు చూస్తే తెలుస్తుంది.

లెక్క మంట దగ్గరే మొదలవుతుంది. ఉపగ్రహాలలో అమర్చిన వీఐఐఆర్‌ఎస్ అనే పరికరం నేలను 375 మీటర్ల గడులుగా చూస్తూ, చుట్టుపక్కల కంటే ఎక్కువ వేడిగా ఉన్న గడిని మంటగా గుర్తిస్తుంది. అది మన మీదుగా మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో ఒకసారి, అర్ధరాత్రి దాటాక మరొకసారి వెళుతుంది. ఈ రెండింటి నడుమ సాయంత్రం అంటుకుని చల్లారిన మంట దాని కంట పడకపోవచ్చు కాబట్టి, మంటలను చూపే ఉపగ్రహ పటంలో చుక్కలు తక్కువగా ఉన్నంత మాత్రాన పొగ తక్కువని అనుకోవడానికి లేదు.

తరువాత కాలిన గడ్డి బరువును బట్టి పొగ బరువు కడతారు. ఎకరానికి రెండున్నర టన్నుల గడ్డి కాలిందనుకుంటే, కిలోకు కొన్ని గ్రాముల చొప్పున సుమారు పది కిలోల సన్నని నుసి గాలిలో చేరుతుంది. పచ్చిగడ్డి, మంచుకు తడిసిన గడ్డి మంట లేకుండా రగులుతుంది కనుక పొగ ఇంకా ఎక్కువ వస్తుంది. ఈ నుసిలో రెండున్నర మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు రేణువులే అధికం; అవి ఊపిరితిత్తుల లోతు దాకా పోతాయి.

ఇక అసలు విషయం, ఆ పది కిలోలు ఎంత గాలిలో కలుస్తాయన్నది. ఎండ కాసే మధ్యాహ్నం నేల వేడెక్కి గాలి కిందికీ మీదికీ తిరుగుతుంది. పొగ కిలోమీటరు ఎత్తు వరకు పలచబడుతుంది. పొద్దుగూకాక నేల త్వరగా చల్లబడి, దానిని ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. పైన వెచ్చని గాలి మూతలా నిలుస్తుంది. చలికాలంలో ఆ మూత చాలాసార్లు వంద, రెండు వందల మీటర్లలోనే ఉంటుంది. పొగ కొంత లేచి, అక్కడి నుంచి దుప్పటిలా ఊరి మీద అడ్డంగా పరుచుకోవడం మీరూ చూసే ఉంటారు. మీరు కలిసిపోయిందనుకుంటున్న పొగ అదే. రోజు సగటున ఘనపు మీటరు గాలిలో ఈ రేణువులు 60 మైక్రోగ్రాములు మించకూడదన్నది మన దేశ ప్రమాణం. మూత వంద మీటర్లలో ఉంటే, ఒక్క ఎకరం పొగ దాదాపు నాలుగు వందల ఎకరాల మీది గాలిని ఆ హద్దుకు చేర్చగలదు. అదే రోజు పది మంది కాలిస్తే ఏమవుతుందో మీరే ఊహించండి.

పక్క జిల్లాల మాట కూడా నిజమే. వాతావరణ నమూనాలు, అంటే కంప్యూటర్ లెక్కలు, ఇచ్చే గాలి దిశను, వేగాన్ని గంటగంటకూ తీసుకుని, హైస్‌ప్లిట్ వంటి నమూనాలు పొగ దారిని గీస్తాయి. నవంబరులో మనకు ఎక్కువగా ఈశాన్య, తూర్పు గాలులు వీస్తాయి గనుక మీ పొగ నైరుతి, పడమర దిక్కులకు సాగుతుంది. మూత పైనుండే గాలి సెకనుకు మూడు మీటర్ల మెల్లని వేగంతో కదిలినా, మధ్యాహ్నపు వేడికి లేచి అందులో చేరిన పొగ పన్నెండు గంటల్లో దాదాపు 130 కిలోమీటర్లు పోతుంది. వాన లేని రోజుల్లో సన్నని నుసి గాలిలో కొన్ని రోజులు నిలవగలదు. వాయవ్య గాలులు వీచే అక్టోబరు, నవంబరు నెలల్లో పంజాబు, హర్యానా పొగ ఢిల్లీ చేరడం వెనుక ఉన్నదీ ఇదే సూత్రం. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం, ఢిల్లీ కాలుష్యంలో ఆ పొగ వాటా ఏ రోజు ఎంతో ఇలాగే అంచనా వేస్తుంది. పొగ మొదట ఎంత ఎత్తుకు లేచిందన్న అంచనా తప్పితే దారి కూడా తప్పుతుంది. ఈ లెక్కల్లో బలహీనమైన చోటు అదే. అంతమాత్రాన పొగ పోవడం లేదని కాదు.

మీ తొందర నాకు అర్థమవుతోంది. బేలర్ దొరికితే గడ్డిని కట్టలు కట్టించి పశువులకు ఉంచుకోండి. దొరకకపోతే నారు పోసిన వారంలోనే మడికి నీరు పెట్టి, ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి కలియదున్నండి. నారు ఎదిగేలోగా గడ్డి మురుగుతుంది. దున్నిన వెంటనే నాటితే మాత్రం మురిగే గడ్డి నత్రజనిని పట్టుకుని పైరు పసుపుబారుతుంది కాబట్టి, కనీసం రెండు వారాల వ్యవధి ఇవ్వండి.

చుట్టుపక్కల వారు ఈలోగా కాలిస్తే, పొద్దెక్కి ఎండ వేడి తగిలే దాకా ఉబ్బసం ఉన్నవారిని, చంటిపిల్లలను బయటకు రానివ్వకండి. మూత కింద పొగ తెల్లవారుజామునే చిక్కగా ఉంటుంది.