నల్ల గోళ్లు ఎంతవరకు కత్తిరించాలి?

ప్రశ్న: మా లాబ్రడార్‌కు మూడేళ్లు. అపార్ట్‌మెంట్‌లోనే ఉంటుంది. గోళ్లన్నీ నలుపే. పోయిన నెల ఇంట్లో కత్తిరిస్తే ఒక వేలి నుంచి రక్తం కారింది. అప్పట్నుంచి కట్టర్ కనబడితే చాలు, మంచం కిందకు దూరిపోతోంది. గోళ్లేమో టైల్స్ మీద టకటకమంటున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: గోరు లోపల రక్తనాళం, నరం కలిసి ఉండే పచ్చి భాగం ఉంటుంది. తెల్ల గోళ్లలో అది గులాబీ రంగులో బయటికే కనిపిస్తుంది. నల్ల గోళ్లలో కనబడదు కాబట్టి గోటి అడుగు భాగం చూడాలి. పాదాన్ని వెనక్కి మడిచి చూస్తే కొన దగ్గర గోరు బోలుగా, చిన్న గాడిలా ఉంటుంది. ఆ గాడి ఉన్నంత మేర పచ్చి ఉండదు. గాడి పూడుకుపోయిన చోటు నుంచి జాగ్రత్త పడాలి.

ఒక్కసారిగా ముక్క తీసేయొద్దు. గోరు వంపును అనుసరించి కాస్త ఏటవాలుగా, ఒక మిల్లీమీటరు చొప్పున పలచగా తీయండి. తీసిన ప్రతిసారీ తెగిన ముఖాన్ని వెలుతురులో చూడండి. మొదట పొడిగా, సుద్దలా ఉంటుంది. మధ్యలో వేరే రంగులో, తడిగా మెరిసే చిన్న చుక్క తేలగానే ఆపేయాలి. ఇంకొక్క మిల్లీమీటరు తీద్దామన్న ఆశే రక్తం తెప్పిస్తుంది.

లాబ్రడార్ గోరు మందం. మనుషుల నెయిల్ కట్టర్ దాన్ని నలిపి, నిలువునా చీలుస్తుంది. కత్తెరలా రెండు వైపుల నుంచీ కోసే కుక్కల కట్టర్ కొనండి. పదును పోయిన కట్టర్ రక్తం రాకపోయినా నొప్పి పెడుతుంది. చాలా కుక్కలు భయపడేది ఆ నొక్కుడుకే. స్నానం చేయించాక గోళ్లు కాస్త మెత్తబడతాయి, అప్పుడు సులువు.

ఇక భయం సంగతి. ముందు కొన్ని రోజులు కత్తిరించే ఊసే వద్దు. కట్టర్ నేల మీద పెట్టి, దాని పక్కనే ఉప్పుకారం లేని ఉడికించిన చికెన్ ముక్కలు పెట్టండి. తర్వాత పాదం పట్టుకుని ముక్క, కట్టర్ గోటికి ఆనించి ముక్క. కాలు లాక్కుంటే వదిలేయండి, ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. నలుగురు కలిసి అదిమి పట్టడం మాత్రం వద్దే వద్దు. అలా చేస్తే మరుసటిసారి కరవడానికీ వస్తుంది. మొత్తం గోళ్లు సాధారణంగా 18. రోజుకు రెండు చొప్పున తీసినా తొమ్మిది రోజుల్లో అయిపోతాయి, తొందరేముంది? కాలిని పక్కకు లాగకండి, కీలు మీద భారం పడుతుంది. ముందుకో వెనక్కో మడిచి పట్టుకోవాలి.

గోళ్లు బాగా పెరిగితే పచ్చి భాగం కూడా ముందుకు వస్తుంది. ఒక్క రోజులో పొట్టి చేయలేరు. వారానికోసారి కొంచెం కొంచెం తీస్తూ పోతే అదీ వెనక్కి తగ్గుతుంది.

రక్తం వస్తే మెత్తటి పటిక పొడి గోటి కొనకు అద్ది, శుభ్రమైన గుడ్డతో అయిదు నిమిషాలు నొక్కి పట్టండి. మంటకు కాలు లాక్కుంటుంది, వదలకండి. పటిక లేకపోతే కార్న్‌ఫ్లోర్. మధ్యమధ్యలో తీసి చూస్తే గడ్డ కట్టిన రక్తం ఊడుతుంది. ఇరవై నిమిషాలకూ ఆగకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఒంటి మీద గోమార్లు ఉన్న కుక్కయితే ఆ మాట తప్పక చెప్పండి. వాటివల్ల వచ్చే జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తం ఆగదు.

ప్రశ్న: మా పొమెరేనియన్‌కు ముందుకాలి లోపలివైపు, పైనున్న గోరు గుండ్రంగా తిరిగి చర్మంలోకి దిగింది. ఇంట్లోనే తీయొచ్చా?
– మరో పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దు. ఆ గోరు నేలకు తగలదు, అరగదు, జుట్టు చాటున కనబడదు. అందుకే లోపలికి దిగేదాకా తెలియదు. ఇంట్లో లాగితే గాయం పెద్దదవుతుంది. డాక్టరు కత్తిరించి, కడిగి, చీము పడితే మందు రాస్తారు. మానాక రెండు మూడు వారాలకోసారి జుట్టు తప్పించి ఆ గోరును చూడండి.