ఉగాండా వెళ్లేముందు ఇంట్లో ఆరు నెలల ఖర్చు ఉంచండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. జీతం 28 వేలు, అందులో బేసిక్ 14 వేలు. ఉగాండాలో పేదల కోసం నడిచే ఒక మిషన్ క్లినిక్‌లో రెండేళ్లు పనిచేసే అవకాశం వచ్చింది. వసతి, భోజనం వాళ్లవే, నెలకు 25 వేలు ఇస్తారు. వెళ్లే టికెట్ నాదే. మావారి ఎలక్ట్రికల్ షాపు మీద 18, 20 వేలు వస్తాయి. ఇంటి ఖర్చు 32 వేలు. పాప మూడో తరగతి, అత్తగారికి షుగర్. ఎఫ్‌డీ లక్షన్నర ఉంది. బంగారం తాకట్టు పెట్టి 4 లక్షలు తెచ్చి, లక్ష ప్రయాణానికి వాడి, మిగతా 3 లక్షలు తెలిసినవాళ్లకు రెండు రూపాయల వడ్డీకి ఇద్దామనుకుంటున్నాం. సరైనదేనా?

జవాబు: కాదమ్మా. మీరు వెళ్తున్న పని మంచిది, తప్పకుండా వెళ్లండి. కానీ బ్యాంకులో తక్కువ వడ్డీకి తెచ్చి బయట ఎక్కువ వడ్డీకి తిప్పుదామనే ఈ లెక్క గుంటూరు, విజయవాడల్లో ఎన్నో ఇళ్లను ముంచింది. అందుకే మీ ఉత్తరం తీసుకున్నాను.

తొమ్మిదిన్నర శాతం అనుకున్నా 4 లక్షలకు ఏడాదికి 38 వేలు, అంటే నెలకు దాదాపు 3,170 బ్యాంకుకు కట్టాలి. 3 లక్షల మీద మీకొచ్చేది 6 వేలు. మిగిలేది 2,830. దాని కోసం ఒంటి మీది బంగారమంతా పణంగా పెడతారా? ప్రోనోటు రాసిన మనిషి నాలుగు నెలలు ముఖం చాటేస్తే మీరు అక్కడ డ్యూటీలో ఉంటారు, మీవారు షాపు మూసుకుని అతని ఇంటి చుట్టూ తిరుగుతుంటారు. బ్యాంకు మాత్రం ఆగదు, నోటీసు ఇచ్చి వేలం వేస్తుంది. పైగా ఆ వడ్డీ మీకు అక్కర్లేదు. అక్కడి నుంచి నెలకు 18 వేలు పంపితే, షాపు సరిగా నడవని నెలలో కూడా ఇల్లు గడుస్తుంది.

మీకు లేనిది అత్యవసర నిధి. ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే లక్షా 92 వేలు, దానితోపాటు ఉన్నపళంగా తిరిగి రావాల్సి వస్తే టికెట్‌కు ఓ 48 వేలు. మొత్తం 2 లక్షల 40 వేలు. లక్షన్నర ఉంది, కావలసింది ఇంకో 90 వేలు. ఇప్పుడు ఇద్దరి సంపాదనలో ఖర్చులు పోగా 15 వేలు మిగలాలి, ఆరు నెలలు పక్కన పెడితే అయిపోతుంది. ఎఫ్‌డీ మీ ఒక్కరి పేరు మీదే ఉంటే ఇప్పుడే మార్చండి. రాత్రి పదింటికి అత్తగారిని ఆసుపత్రిలో చేర్చి, కౌంటర్ దగ్గర 50 వేలు కట్టమంటే, మీ సంతకం లేకుండా మీవారు తీయగలగాలి. ఆ డబ్బు స్కూలు ఫీజుకు, షాపు సరుకుకు ముట్టుకోకూడదు.

టికెట్‌కు అప్పెందుకు? తొమ్మిదేళ్ల సర్వీసుకు, ఉద్యోగం మానేటప్పుడు ఆసుపత్రి ఇవ్వాల్సిన గ్రాట్యుటీ మీ బేసిక్ మీద 72 వేల పైచిలుకు వస్తుంది. మీరు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. పీఎఫ్ జోలికి వెళ్లకండి.

రాజీనామాతో ఆసుపత్రి ఇచ్చిన గ్రూప్ ఇన్సూరెన్స్ పోతుంది. ఆ లోపే అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారతామని అడగండి. అత్తగారు అందులో ఉంటే, కొత్త పాలసీలో షుగర్‌కు మూడేళ్ల దాకా ఆగాల్సిన బాధ తగ్గుతుంది. టర్మ్ జీవిత బీమా పాలసీ లేకపోతే వెళ్లేముందే తీసుకోండి, ఉగాండా సంగతి దాచకండి. బ్యాంకు ఖాతాను విదేశాల్లో ఉండే భారతీయులకిచ్చే ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించుకోండి.

ఇలాంటి మిషన్ ఆసుపత్రులు కొత్తవి కావు. ఉగాండా రాజధాని కంపాలాలో మెంగో ఆసుపత్రి 1897లో మొదలైంది, మన గుంటూరులో అమెరికా డాక్టరు అన్నా కుగ్లర్ ఆసుపత్రి 1898లో. కుగ్లర్ వెనక అమెరికాలో ఖర్చులు చూసుకునే లూథరన్ మహిళల సంఘం ఉంది. మీ వెనక ఎవరున్నారు? మలేరియా ముదిరితే వైద్యం ఎవరిది, పెద్ద ఆసుపత్రికి తరలించాలంటే ఖర్చెవరిది, మధ్యలో క్లినిక్ మూతపడితే తిరుగు టికెట్ ఎవరిది, ఈ మూడూ క్లినిక్‌కు ఈమెయిల్ పెట్టి సంతకంతో రాయించుకోండి. ఇక్కడి హెల్త్ పాలసీ మామూలుగా అక్కడ పనిచేయదు. చేరే తేదీని ఆరు నెలలు వెనక్కి జరపమని కూడా అదే ఈమెయిల్‌లో అడగండి.