షాపులోనే ఉంటానంటున్న అబ్బాయికి ఏ దారి?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది పదో తరగతి మంచి మార్కులతోనే పాసయ్యాడు. సెలవుల్లో మౌలాలిలో మా ఇంటి దగ్గరి ఆటో ఎలక్ట్రీషియన్ షాపుకు వెళ్లడం మొదలుపెట్టాడు. కార్ల రేడియేటర్ ఫ్యాన్లకు రిలేలు, ఫ్యూజులు వేయడం వచ్చేసిందట. ఇంటర్ చదవను, ఇక్కడే పని నేర్చుకుంటానంటున్నాడు. వాళ్ల నాన్నకు ససేమిరా ఇష్టం లేదు. ఎలక్ట్రిక్ కార్లు వస్తే ఆ పనులే ఉండవని మా మరిది అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, అబ్బాయిని ఆ పని నుంచి లాగేయకండి. కానీ షాపు ఒక్కటే చాలదని మాత్రం గట్టిగా చెప్పండి. రెండూ ఎందుకంటున్నానో వాడు నేర్చుకున్న పనితోనే చెబుతాను.

మామూలు కారులో రేడియేటర్ ఫ్యాన్ 10 నుంచి 20 ఆంపియర్ల దాకా కరెంటు లాగుతుంది. తిరగడం మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. అంత కరెంటును చిన్న స్విచ్చు గుండా పంపితే స్విచ్చు కాలిపోతుంది, అందుకే మధ్యలో రిలే, అంటే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు. దాని మీద 85, 86 అని రాసి ఉన్న కాళ్ల మధ్య కాయిల్, అంటే వైరు చుట్ట ఉంటుంది. అది తీసుకునేది ఆంపియర్‌లో ఐదో వంతు లోపే. ఆ కొద్దిపాటి కరెంటుకే లోపలి కాంటాక్టు మూసుకుని, అసలు కరెంటు 30 నుంచి 87కు వెళ్తుంది. ఇంతవరకు ఏ షాపులోనైనా కొద్ది రోజుల్లో పట్టుబడుతుంది. అంకెలు చూసి వైర్లు గుచ్చడం వచ్చిందని పని వచ్చినట్టు కాదు.

నేనైతే మీ అబ్బాయిని ఫ్యూజు గురించి అడుగుతాను. పసుపు రంగు 20 ఆంపియర్ల ఫ్యూజు మాటిమాటికీ పోతోంది, ఏం చేస్తావు? ఆకుపచ్చది, అంటే 30 ఆంపియర్లది వేస్తానంటే ఇంకా నేర్చుకోవలసింది చాలా ఉందన్నమాట. ఫ్యూజు పెట్టేది వైరును కాపాడటానికి. 20 ఆంపియర్లకు సరిపోయే వైరులో 28 పారితే పెద్ద ఫ్యూజు నిక్షేపంగా ఉంటుంది, వైరు మాత్రం కాగి కాగి పైతొడుగు కరుగుతుంది. అదీ బానెట్ కింద, పెట్రోలు పైపుల పక్కన! ఫ్యాన్ బేరింగు పట్టేసిందా, వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగులుతోందా అని వెతకాలి. ఫ్యూజును బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఎందుకు పెడతారో కూడా చెప్పగలగాలి: బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న వైరుకు ఏ కాపలా ఉండదు కాబట్టి.

మన ఊళ్లో ఒక అలవాటు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఇంజిన్ వేడెక్కినప్పుడు ఫ్యాన్‌ను తిప్పే థర్మో స్విచ్చు పాడైతే అది మార్చకుండా, తాళం తిప్పగానే ఫ్యాన్ తిరిగేలా కలిపేసి 'డైరెక్ట్ చేశాం సార్' అని పంపేస్తారు. బండి ఆ రోజుకు వేడెక్కదు, యజమాని సంతోషిస్తాడు. ఫ్యాన్ మాత్రం అవసరం ఉన్నా లేకపోయినా తిరిగి తిరిగి ముందే అరిగిపోతుంది. చురుకైన పిల్లవాడు ఇదే పద్ధతి అనుకుని పెరిగితే పదేళ్ల తర్వాతా అక్కడే ఉంటాడు.

వాడి చేత వోల్టులు, కరెంటు కొలిచే మల్టీమీటర్ ఒకటి కొనిపించండి. ఇంజిన్, ఫ్యాన్ రెండూ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టులు, ఫ్యాన్ కనెక్టర్ దగ్గర 12 వోల్టులు వచ్చాయనుకోండి. మిగతా 2 వోల్టులు ఎక్కడికి పోయాయి? తుప్పు పట్టిన ఎర్తులోనో, వదులైన జాయింటులోనో పోతున్నాయి. 15 ఆంపియర్లు పారుతుంటే అక్కడ 30 వాట్ల వేడి పుడుతోందన్నమాట. కనెక్టర్లు నల్లబడి కరగడానికి కారణం ఇదే. ఈ లెక్క వాడు పదో తరగతి భౌతికశాస్త్రంలో చదివిందే. పుస్తకంలో విసుగనిపించిన ఓమ్ సూత్రం ఇక్కడ వాడికి పనిముట్టు అవుతుంది. చదువు వద్దనే పిల్లలను ఒప్పించడానికి ఇంతకంటే మంచి అవకాశం నాకు కనబడదు.

ఇక మీ మరిది మాట. ఎలక్ట్రిక్ కారులో ఇంజిన్ ఉండదు, వేడి ఉంటుంది. బ్యాటరీ, మోటారు, బ్యాటరీ కరెంటును మోటారుకు పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ అన్నింటినీ చల్లబరచాలి. పంపులు, ఫ్యాన్లు, వాటి ఫ్యూజులు ఉంటాయి, చాలా బండ్లలో 12 వోల్టుల బ్యాటరీ కూడా ఉంటుంది. మారేదేమిటంటే, ఫ్యాన్ ఎప్పుడు ఎంత వేగంతో తిరగాలో ఎక్కువగా కంప్యూటర్ నిర్ణయిస్తుంది. పెట్రోలు కార్లలోనూ ఇది వచ్చేసింది. కరెంటు ఉందో లేదో చూపే టెస్ట్ ల్యాంపు ఒక్కటి పట్టుకుంటే సరిపోదు, సర్క్యూట్ బొమ్మ చదవాలి, బండి కంప్యూటర్ చెప్పే లోపాలను చదివే స్కానర్ వాడాలి. నారింజ రంగు కేబుళ్లలో ఉండే 300, 400 వోల్టుల జోలికి శిక్షణ లేకుండా వెళ్తే ప్రాణానికే ముప్పు. అబ్బాయి వాటిని ముట్టుకోకూడదని ఉస్తాద్‌కు మీరే చెప్పండి. తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు దాకా ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించారు. అమ్ముడైన ప్రతి బండీ ఎప్పుడో ఒకప్పుడు మరమ్మతుకు వస్తుంది.

దారి విషయానికి వస్తే, ఇంటర్ కోసం పట్టుబట్టకండి. పదో తరగతి అర్హతతో ఐటీఐలో రెండేళ్ల 'మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్' లేదా 'మెకానిక్ మోటార్ వెహికల్' ట్రేడు తీసుకోవచ్చు. మల్లేపల్లి ప్రభుత్వ ఐటీఐకి స్వయంగా వెళ్లి ఏ ట్రేడ్లు ఉన్నాయో కనుక్కోండి. లెక్కల్లో మంచి మార్కులుంటే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి మూడేళ్ల ఆటోమొబైల్ లేదా ఎలక్ట్రికల్ డిప్లొమా చేయడం నా దృష్టిలో ఇంకా మేలు, తర్వాత డిప్లొమా చేసినవాళ్లు రాసే ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. వాళ్ల నాన్నకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి. ఐటీఐ చేసినా దారి మూసుకుపోదు. అప్రెంటిస్‌షిప్ ఉంది, డిప్లొమా రెండో ఏడాదిలో చేరే ప్రవేశ పరీక్షా ఉంది.

షాపు మానిపించవద్దు. సాయంత్రాలు, సెలవు రోజులు వెళ్లనివ్వండి. చేసిన ప్రతి పనికీ సర్క్యూట్ బొమ్మ గీసి, కొలిచిన వోల్టులు, వేసిన ఫ్యూజు, వైరు మందం ఒక నోటుబుక్కులో రాసుకోమనండి. రేపు సర్వీస్ సెంటరులో ఇంటర్వ్యూకు వెళ్తే ఆ పుస్తకం చూపించవచ్చు.

ఫీజు కట్టేముందు ఏ కాలేజీ అయినా వర్క్‌షాపు చూపించమని అడగండి. అక్కడ నడిచే బండి ఉందా, పిల్లలు వైరింగ్ విప్పి మళ్లీ కలుపుతున్నారా, మీటర్లు ఎన్ని ఉన్నాయి అన్నవి అబ్బాయినే అడగనివ్వండి. వాడికి ఇప్పటికే తెలిసిన పని కాబట్టి జవాబులో పస ఉందో లేదో ఇట్టే పసిగడతాడు.