కవల పొట్టేలు కొనే ముందు మీ మంద పొట్టేలు ఎవరి కొడుకో చూడండి

ప్రశ్న (వనపర్తి వైపు నుంచి ఒక రైతు): నమస్తే సారు. 2017ల సబ్సిడీ స్కీముల మాకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు వచ్చినయి, నెల్లూరు జోడిపి జాతివి. ఇప్పుడు ఈనే గొర్రెలే 64 ఉన్నయి. మొదటి పొట్టేలును మూడేండ్లు వాడినం, తర్వాత దాని కొడుకును, ఇప్పుడు ఆ కొడుకు కొడుకును విడిచినం. రెండేండ్ల సంది పిల్లలు బలం లేకుంట పుడుతున్నయి, పోయిన ఈతల రెండు పిల్లలకు కింది దవడ పొట్టిగ ఉండె. ఒక గొర్రె మాత్రం నాలుగు ఈతల్ల మూడు సార్లు కవలలు ఈనింది. దాని పొట్టేలు పిల్లను విత్తనానికి ఉంచుకోవాల్నా? ఒకాయన మహారాష్ట్ర కవల పొట్టేలు అని 45 వేలు చెప్తున్నడు, అది దాటితె అన్నీ రెండేసి ఈన్తయి అంటున్నడు. నిజమేనా?

జవాబు: అన్నా నమస్తే. మీరు అడిగింది కవలల గురించే గానీ నా కళ్ళు ఆగింది మాత్రం ఆ "కొడుకు, కొడుకు కొడుకు" అన్న మాట దగ్గర. ముందు అది మాట్లాడుకుందాం, ఎందుకంటే అది తేలకుండా 45 వేల పొట్టేలు తెచ్చినా లాభం లేదు.

మన ఇళ్ళల్లో మేనరికాలు ఉంటాయి కదా, దాంతోనే చెప్తా. బావామరదళ్ళ పెళ్ళిలో పుట్టిన బిడ్డకి దగ్గరి రక్తం లెక్క 6.25 శాతం, మేనమామని చేసుకుంటే 12.5 శాతం. తండ్రి పొట్టేలు తన కూతుర్నే దాటితే అది 25 శాతం. ఇప్పుడు మీ మంద చూడండి, 2018లో పుట్టిన ఆడపిల్లలు ఏడాది దాటేసరికి ఎదకొచ్చాయి, అప్పటికి మందలో ఉన్నది వాటి తండ్రే. తర్వాత వాటి అన్నదమ్ముడు వచ్చాడు, ఇప్పుడు వాటి మేనల్లుడు. మధ్యలో బయటి రక్తం ఒక్క చుక్క పడలేదు. ప్రతి జీవిలోనూ కొన్ని చెడ్డ జన్యువులు అణిగి ఉంటాయి, ఒక కాపీ ఉంటే ఏం కనపడదు, తల్లి నుంచి ఒకటి తండ్రి నుంచి ఒకటి కలిసినప్పుడే బయటపడతాయి. కింది దవడ పొట్టిగా ఉండటం, ఒక బీజం కిందకి దిగకపోవడం, పుట్టినప్పుడే నీరసంగా ఉండటం, ఇవన్నీ ఎక్కువగా ఇలాంటి మందల్లోనే చూస్తాం. ఆ రెండు పిల్లల్ని విత్తనానికి అస్సలు ఉంచొద్దు, మాంసానికే. వాటి తండ్రిని కూడా ఆపేయండి, వాటి తల్లుల్ని గుర్తుపెట్టుకుని కొత్త పొట్టేలుకే కట్టించండి.

అయితే నీరసం మొత్తం రక్తం మీదే తోసేయకండి. నట్టల మందు ఎప్పుడు తాపారు, చూలు గొర్రెలకి ఆఖరి నెలన్నరలో ఏం పెట్టారు, ఈసుకుపోయినవి (నెలలు నిండకుండానే చూలు పోయినవి) ఎన్ని, ఇవేవీ మీరు రాయలేదు. ఈసుకుపోతున్నాయంటే పశువైద్యశాలలో చెప్పి రక్తం తీయించి చూలు పోగొట్టే బ్రూసెల్లా అనే జబ్బుకి టెస్ట్ చేయించండి, దానికి పొట్టేలు మార్చడం మందు కాదు.

ఇప్పుడు పొట్టేలు సంగతి. ఒక గొర్రె బతుకంతా కలిపి మీకు ఏడెనిమిది పిల్లల్ని ఇస్తుంది, అదే పొట్టేలు ఒక్క సీజన్లోనే పాతిక ముప్పై పిల్లలకి తండ్రి. పైగా ఆడపిల్లల్లో సగాన్నైనా మంద నిలబెట్టుకోడానికి ఉంచుకోక తప్పదు, ఏరడానికి అంత చోటు ఉండదు. పొట్టేళ్ళల్లో అయితే పాతికలో ఒక్కటి చాలు. కాబట్టి మీ ఏరివేత బలమంతా పొట్టేలు మీదే పెట్టాలి. మనవాళ్ళు చేసేది సరిగ్గా దీనికి ఎదురు. బక్రీదుకో దసరాకో బేరగాడు వస్తాడు, మందలో బాగా ఎదిగిన పొట్టేలు పిల్ల మీదే చెయ్యేస్తాడు, డబ్బు అవసరం ఉంటది, అమ్మేస్తాం. ఎవరూ కొనని సన్నపిల్ల మిగులుతుంది, ఏడాదికి అదే మందకి పెద్ద. ఇలా పదేళ్ళు చేస్తే మంద ఎదుగుదల తగ్గక ఏం చేస్తుంది? ఇది కూడా ఒక రకం సెలక్షనే, కాకపోతే వెనక్కి నడిచే సెలక్షన్.

సరే, అమ్మకుండా పెద్ద పిల్లనే ఉంచాం అనుకుందాం, అక్కడ ఇంకో చిక్కు ఉంది. చూపుకి పెద్దగా కనపడే పిల్ల నిజంగా బాగా ఎదిగేదే అయ్యుండాలని లేదు. లెక్క వేద్దాం. ఒక పిల్ల జనవరి 5న ఒంటరిగా పుట్టింది, 3 కేజీలు, ఏప్రిల్ 5న తూస్తే 15 కేజీలు. 90 రోజుల్లో 12 కేజీలు పెరిగింది, రోజుకి సుమారు 133 గ్రాములు. ఇంకోటి జనవరి 25న కవలల్లో ఒకటిగా పుట్టింది, 2.3 కేజీలు, అదే ఏప్రిల్ 5న 12 కేజీలు. 70 రోజుల్లో 9.7 కేజీలు, అంటే రోజుకి సుమారు 139 గ్రాములు. తల్లి పాలు సగం సగం పంచుకుని కూడా ఇది ముందుంది! మంద దగ్గర నిలబడి చూస్తే మాత్రం ఎవరైనా మొదటిదాన్నే ఉంచుతారు. అందుకే ఎప్పుడూ పెద్దపిల్లనే ఏరుకునే మందల్లో తెలియకుండానే కవలల్ని ఏరి పారేస్తుంటాం, ఒంటరి పిల్లే ఎప్పుడూ పెద్దగా కనపడుతుంది కాబట్టి. మా ట్రైనింగులకి వచ్చే రైతులకి నేను బోర్డు మీద వేసే మొదటి లెక్క ఇదే, ప్రతిసారీ ఎవరో ఒకరు "అరె, పోయినేడు అట్లాంటిదాన్నే అమ్మేసినం" అంటారు.

దీనికి కావలసిన సామాను ఏమీ పెద్దది కాదు. చెవికి నంబరు ట్యాగు, వేపకొమ్మకి వేలాడేసే స్ప్రింగు త్రాసు, ఒక నోటుబుక్కు. పుట్టిన తేదీ, తల్లి నంబరు, ఒంటరా కవలా, పుట్టిన బరువు, మూడో నెల బరువు, ఆరో నెల బరువు, ఇంతే. తండ్రి ఎవరో తెలియాలంటే పొట్టేలు రొమ్ముకి నూనెలో కలిపిన జాజు పూయండి, దాటిన గొర్రె నడుము మీద ఎర్ర మరక పడుతుంది, రోజూ పొద్దున మంద విడిచేటప్పుడు ఆ నంబర్లు రాసుకోండి. గొర్రెకి ఎద 17 రోజులకోసారి తిరిగొస్తుంది కాబట్టి 17 రోజులయ్యాక రంగు మార్చండి, రెండో రంగు కూడా పడిందంటే మొదటిసారి కట్టలేదన్నమాట. అన్నిటికీ రెండో రంగు పడుతుంటే అనుమానం పొట్టేలు మీదే.

ఇక కవలలు. రెండు రకాలుగా వస్తాయి అవి. ఒకటి మేత బలం. పొట్టేలుని విడిచే ముందు రెండు మూడు వారాలు గొర్రెకి రోజుకి పావు కేజీ దాకా మక్కలో జొన్నలో పెడితే కొన్ని రెండేసి అండాలు విడుదల చేస్తాయి. ఇంకోటి పుట్టుక. మామూలు జాతుల్లో కవలలు ఈనే గుణం ఒక జన్యువు వల్ల వచ్చేది కాదు, చిన్న చిన్నవి చాలా కలిసి పనిచేస్తాయి, అందుకే తల్లి నుంచి పిల్లకి వచ్చే వాటా తక్కువ, నూటికి పది వంతుల దరిదాపుల్లోనే ఉంటుంది. ఎదుగుదల బరువుకైతే పాతిక దాకా ఉంటుంది. అంటే మీ కవలల గొర్రె నాలుగులో మూడు సార్లు రెండేసి ఈనడం మంచి రికార్డే, ఆ గొర్రె బంగారం, కానీ దాని పిల్లలన్నీ అలాగే ఈనుతాయని ఆశ పెట్టుకోవద్దు.

ఆ మహారాష్ట్ర పొట్టేలు కథ వేరు, అందులో నిజం ఉంది, అబద్ధమూ ఉంది. నిజం ఏంటంటే కవలలకి నిజంగానే ఒక పెద్ద జన్యువు ఉంది, ఫెక్‌బి అంటారు. బెంగాల్ సుందర్బన్స్ చిత్తడి నేలల్లో తిరిగే గరోల్ అనే చిన్న గొర్రెల్లో ఉంటుంది అది, పెద్ద గొర్రె కూడా పదిహేను కేజీల దరిదాపే తూగుతుంది, కానీ రెండు మూడు పిల్లల్ని ఈనుతుంది. 1792, 1793ల్లో కలకత్తా నుంచి ఓడల్లో ఆస్ట్రేలియాకి బెంగాల్ గొర్రెలు వెళ్ళాయి, తర్వాత అక్కడ బూరూలా అనే ఫారంలో మెరినో గొర్రెలు మూడేసి నాలుగేసి ఈనుతుంటే శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయి వెంటపడ్డారు. 2001లో జన్యువులో మార్పు ఎక్కడుందో దొరికింది, చూస్తే బూరూలాలోదీ మన గరోల్‌దీ ఒకటే. మన సరుకే, అంతదూరం పోయి పేరు మార్చుకుంది! ఇదే జన్యువుని సతారా జిల్లా ఫల్టన్‌లోని నింబ్కర్ వ్యవసాయ పరిశోధనా సంస్థ వాళ్ళు గరోల్ నుంచి దక్కనీ గొర్రెల్లోకి దింపారు, తరతరానికీ దక్కనీ రక్తం ఎక్కిస్తూ ఈ ఒక్క జన్యువుని మాత్రం టెస్టుతో పట్టుకుంటూ వచ్చారు. దాన్నే నారి సువర్ణ అంటారు. ఒక్క కాపీ ఉన్న గొర్రెలు సగటున ఈతకి ఒకటిన్నర పిల్ల దరిదాపు ఈనుతాయి, అంటే అక్కడ కూడా "అన్నీ రెండేసి" కాదు.

అబద్ధం ఎక్కడంటే "అది దాటితే" అన్న మాటలో. ఎన్ని పిల్లలు అనేది గొర్రె ఎన్ని అండాలు విడిచిందన్న దాని మీద ఉంటుంది, పొట్టేలు ఏదైనా ఒకటే. మీ 64 గొర్రెల్లో ఆ జన్యువు లేనప్పుడు ఈ పొట్టేలు దాటినా అవి ఎప్పటిలాగే ఒక్కోటి ఈనుతాయి. దాని కూతుళ్ళు పుట్టి, పెరిగి, చూలు కట్టి, ఈనినప్పుడు కదా తెలిసేది, పొట్టేలు తెచ్చిన రోజు నుంచి రెండేళ్ళ పైమాటే. అది కూడా పొట్టేలుకి రెండు కాపీలు ఉంటేనే కూతుళ్ళందరికీ ఒక్కో కాపీ వస్తుంది, ఒక్క కాపీయే ఉంటే సగం మందికే. అసలు ఏమీ లేకపోతే? పొట్టేలు ముఖం చూసి ఎవరూ చెప్పలేరు, కవలల్లో పుట్టిందని అమ్మేవాడు చెప్పినా సాక్ష్యం కాదు. రక్తం చుక్కతో డీఎన్‌ఏ టెస్టు ఉంది, ఆ రిపోర్టు, రిపోర్టు మీద ఉన్న నంబరే పొట్టేలు చెవికీ ఉండటం, రెండూ చూపిస్తే మాట్లాడండి, లేకపోతే మామూలు పొట్టేలు ధర ఇస్తానని చెప్పండి, ఆయనే వెళ్ళిపోతాడు.

రిపోర్టు ఉన్నా సరే మీకు నేను ఇప్పుడే కొనమని చెప్పను. నారి సువర్ణ దక్కనీ రకం, బొచ్చు గొర్రె, మీ జోడిపి పొడుగు కాళ్ళు, నున్నటి వెంట్రుక. కలిపితే పిల్లల్లో ఆ ఎత్తు తగ్గుతుంది, సంతలో ఆ ఎత్తు చూసే కదా మీకు రేటు పెడుతున్నారు. ఇంకోటి, కవలలతో చూలున్న గొర్రెకి ఆఖరి నెలన్నరలో రోజుకి 250-300 గ్రాములు దాణా పడకపోతే గొర్రె కూలబడిపోతుంది, పిల్లలు కేజీన్నర బరువుతో పుట్టి రెండో రోజుకి పోతాయి. ఎండాకాలంలో మంద తోలుకుని కృష్ణ ఒడ్డుకి వలస పోయేవాళ్ళు ఒక చంకలో ఒకటి, ఇంకో చంకలో ఒకటి పిల్లని మోసుకుంటూ ఎంత దూరం నడుస్తారు? షెడ్డు వేసి, సుబాబుల్, అవిశ పెంచి, ఇంటి దగ్గరే మేపేవాళ్ళకి కవలలు లాభం. మీరు ఏ రకమో మీరే చెప్పాలి.

కాబట్టి ఆ కవలల గొర్రె ఆడపిల్లల్ని మీరే ఉంచుకోండి. దాని పొట్టేలు పిల్లని మాత్రం మీ మందలో వాడొద్దు, అది కూడా ఆ ఒకే రక్తం బిడ్డే. దాన్ని అమ్మకుండా, మీకు బంధుత్వం లేని మందలో అంటే మీ స్కీము గొర్రెలతో కలవని నెల్లూరు మంద ఉన్న రైతుతో మార్పిడి చేసుకోండి, వాళ్ళ దగ్గర కూడా కవలల తల్లికి పుట్టిందో, బాగా తూగిందో చూసి. 64 గొర్రెలకి రెండు మూడు పొట్టేళ్ళు కావాలి, పాతికకి ఒకటి చొప్పున, ఒకే ఇంటి నుంచి అన్నీ తేవద్దు. వయసు ఏడాదిన్నర దాటాలి, రెండు బీజాలూ సమానంగా, గట్టిగా, గడ్డలు లేకుండా ఉండాలి, పై చిగురుకి కింది పళ్ళు సరిగ్గా ఆనాలి, మీకు దవడ దెబ్బ తగిలింది కాబట్టి ఇది వేలు పెట్టి మరీ చూడండి. బ్రూసెల్లా టెస్టు చేయించి, తెచ్చాక మూడు వారాలు విడిగా కట్టేసి, నట్టల మందు తాపి, పారుడు రోగం (పీపీఆర్) టీకా పడకపోయుంటే వేయించి అప్పుడు కలపండి. దాని కూతుళ్ళు ఎదకొచ్చేలోపు మళ్ళీ మార్పిడి. మీ ఊళ్ళో ముగ్గురు నలుగురు గొల్ల కురుమ రైతులు ఒప్పందానికి వస్తే పొట్టేళ్ళు చుట్టూ తిరుగుతూ ఉంటాయి, ఎవరికీ రూపాయి ఖర్చు ఉండదు. జాతి పొట్టేలు కొనాలనుకుంటే చిత్తూరు జిల్లా పలమనేరు పశు పరిశోధనా కేంద్రంలో నెల్లూరు గొర్రెల మీద చాలాకాలంగా పని జరుగుతోంది, అక్కడ అడిగి చూడండి.

కొత్తవి దొరికేదాకా ఇప్పుడున్న పొట్టేలుని మందతో పంపాల్సి వస్తే అది దాటకుండా పొట్ట కింద గోనెపట్టా కట్టి పంపండి, సాయంత్రం అది జారిందా లేదా చూసుకోండి. బరువులు రాయడం మొదలుపెట్టాక మూడో నెల లెక్కలు పేజీ ఫోటో తీసి పంపండి అన్నా, ఏది ఉంచాలో కూర్చుని ఏరుదాం.