తెలివైనవాడంటే మార్కులు ఎక్కువ వచ్చేవాడేనా?

కాదు, తెలిసినదాన్ని కొత్త పరిస్థితికి తగ్గట్టు వాడుకోగలగడమే తెలివి. మార్కులు చాలావరకు గుర్తుపెట్టుకున్నదాన్నీ, పరీక్ష రాసే భాష మీద పట్టునూ చూపిస్తాయి.

ఒడిశాలోని రాయగడలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా మీడియం చదివే పిల్లవాణ్ని తీసుకోండి. పుస్తకంలోని లెక్క దగ్గర బిక్కమొహం వేస్తాడు. అదే లెక్కను "కిలో 40 చొప్పున ముప్పావు కిలో వంకాయలు, 50 నోటిస్తే చిల్లరెంత?" అని తెలుగులో అడిగితే, ఠక్కున 20 అంటాడు. సంతకు వెళ్లే పిల్లలకు ఇది మంచినీళ్లు తాగినంత పని. పుస్తకం దగ్గర అడ్డుపడింది భాషే.

ఐక్యూ (తెలివి పరీక్షలో వచ్చే స్కోరు) అంటే పుట్టుకతో వచ్చిన తెలివికి కొలత అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. 1905లో ఫ్రాన్స్‌లో బినే, సిమోన్ అనే పరిశోధకులు ఆ తరహా మొదటి పరీక్ష తయారుచేసింది చదువులో అదనపు సాయం కావాల్సిన పిల్లల్ని గుర్తించడానికి. ఇప్పటి ఐక్యూలో 100 అంటే తోటి వయసువాళ్ల సగటు, అంతే.