ముందు కంచం, తర్వాత మ్యూజియం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

పిల్లలకు దేశాల గురించి చెప్పడానికి జెండాల కార్డులూ గ్లోబూ కొన్నానని రాశావు. ఉంచు, పనికొస్తాయి. కానీ ఐదేళ్లవాడు ఇటలీ రాజధాని రోమ్ అని గడగడా అప్పజెప్పినంత మాత్రాన వాడికి ఇటలీ తెలిసినట్టు కాదు. ఆ వయసులో పిల్లలు నోటితోనూ చేతులతోనూ నేర్చుకుంటారు. ఇన్నేళ్లూ బడిలో చిన్న క్లాసులకే చెప్పాను కనుక గట్టిగా అంటున్నాను: ముందు కంచం, తర్వాత మ్యూజియం, మ్యాపు ఆఖరున.

మన వంటింట్లోనే మొదలుపెట్టు. పోపులో వేసే ఎండుమిర్చి ఒకటి పెద్దదాని చేతిలో పెట్టి, ఇది మన దేశంలో పుట్టింది కాదని చెప్పు. గుంటూరు మిర్చి గురించి విన్న పిల్ల, ఓ పట్టాన నమ్మదు. మెక్సికో వైపు పంట, దాదాపు 500 ఏళ్ల కిందట పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన తీరానికి చేరింది, అంతకుముందు మనవాళ్లకు కారమంటే మిరియాలే అని చెప్పు. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ కూడా ఆ అమెరికా ఖండాలవే. ఆ పూట ఇవేవీ లేకుండా వండు. ముద్దపప్పు, మిరియాల చారు, అల్లం వేసిన వంకాయ కూర. ఏం తగ్గిందో తింటూ తింటూ వాళ్లే చెప్తారు.

ఇంకోసారి మన హైదరాబాద్ బేగంబజార్ నుంచి ఎండు ఖుబానీలు, అంటే ఆప్రికాట్ పండ్లు తెప్పించు. గింజ ఉన్నవే అడుగు. రాత్రి నానబెట్టి, పొద్దున గింజలు తీసే పని పిల్లలకే అప్పగించు. గింజను చిన్న రోకలితో మెల్లగా చితగ్గొడితే లోపల అచ్చం బాదంలాంటి పప్పు కనబడుతుంది. ఇద్దరూ కళ్లింతలు చేసుకుని చూస్తారు. ఆ పప్పు ముందు నువ్వు రుచి చూడు, చేదుగా ఉంటే పిల్లలకు పెట్టొద్దు. పంచదారతో ఉడికించి మీగడ వేసి కప్పుల్లో పెట్టాక, ఈ పండు చలి ఎక్కువుండే కొండ ప్రాంతాల్లో కాస్తుందని చెప్పి, అప్పుడు గ్లోబు తియ్యి. అఫ్గానిస్తాన్, టర్కీ ఎక్కడున్నాయో వాళ్లే వెతుకుతారు. మాంసం తింటారు కదా, బార్కస్ పేటలో మండీ, అదే మాంసంతో వండే అరబ్బుల అన్నం కూడా తినిపించండి. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి వాళ్లు అక్కడ ఉన్నారు. పెద్ద పళ్లెం చుట్టూ కింద కూర్చుని అందరూ కలిసి తినడమే పిల్లలకు పెద్ద పాఠం.

ఇక సాలార్‌జంగ్ మ్యూజియం. టికెట్ కొన్నాం కదా అని అన్ని గదులూ తిప్పొద్దు. మూడో గదికల్లా కాళ్లు నొప్పులంటారు. ఒక రోజుకు రెండు వస్తువులు చాలు. ముసుగు రెబెకా బొమ్మ దగ్గర నువ్వేమీ చెప్పకుండా నిలబడు. ఆ పల్చటి ముసుగు బట్టదా, రాయిదా అని మాత్రం అడుగు. ముసుగులోంచి ముక్కూ పెదవులూ కనబడుతుంటాయి కనుక వాళ్లు వాదించుకుంటారు. వాదించుకోనీ. తర్వాత చెప్పు: అంతా పాలరాయే, చెక్కింది బెన్జోనీ అనే ఇటలీ శిల్పి, నిజాం దగ్గర దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ 1876లో యూరప్ వెళ్లినప్పుడు కొని తెచ్చాడు. ఇంటికొచ్చాక పాస్తా చేసి పెడితే రోమ్ పేరు ఇక మర్చిపోరు.

రెండోది గంటల గడియారం. గంట కొట్టే సమయానికి జనం కిక్కిరిసిపోతారు, పది నిమిషాలు ముందే వెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టు. లోపలి నుంచి ఓ చిన్న బొమ్మ మనిషి వచ్చి గంట కొట్టి వెళ్తాడు. చైనా పింగాణీ, జపాన్ కత్తులు మరో రోజుకు. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది కానీ, చిన్నవాడికి ఇప్పుడే వద్దు. రాత్రిళ్లు భయపడితే నీకే టెన్షన్.

బయటికి రాగానే ఏం చూశావో చెప్పమని పరీక్ష పెట్టకు. ఓ కాగితం, పెన్సిలు ఇచ్చి నచ్చింది గీయమను. ఇరానీ హోటల్లో కూర్చోబెడితే ఇంకా మంచిది. నీకు చాయ్, వాళ్లకు ఉస్మానియా బిస్కెట్లు. పాలూ డికాక్షనూ వేర్వేరుగా కాచి కప్పులో కలిపే తీరు దగ్గరగా చూపించు. ఇరాన్ నుంచి వచ్చి ఇక్కడ హోటళ్లు పెట్టుకున్న కుటుంబాల సంగతి అక్కడే చెప్పు.

ఒక్క విషయంలో మాత్రం కచ్చితంగా ఉండు. కొత్త తిండి చూసి "ఛీ" అననివ్వొద్దు. నచ్చకపోతే "నాకొద్దు" అనొచ్చు, బలవంతం లేదు. "వాళ్లు పాములు తింటారట" లాంటి మాటలు పెద్దవాళ్లం మనమే ఇంట్లో అనేస్తుంటాం, పిల్లలు వాటినే బడికి మోసుకెళ్తారు. మీ అపార్ట్‌మెంట్లో చదువుకోవడానికి వచ్చిన ఆఫ్రికా విద్యార్థులు ఉన్నారన్నావుగా. ఓ ఆదివారం భోజనానికి పిలువు. వాళ్ల అమ్మ ఇంట్లో ఏం వండేదో పిల్లలచేత అడిగించు.

వచ్చే వారమే బయల్దేరండి. శుక్రవారం సాలార్‌జంగ్‌కు సెలవు, శని ఆదివారాలు రద్దీ. మంగళవారం పొద్దున్నే వెళ్తే పిల్లలు తీరిగ్గా చూస్తారు.

ఇట్లు,
మీ పెద్దమ్మ