పెళ్లి ఫోటోలు ఏ ఫార్మాట్‌లో, ఏ సెట్టింగ్స్‌తో ఎక్స్‌పోర్ట్ చేయాలి?

చెల్లి పెళ్లి ఫోటోలు లైట్‌రూమ్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ చేశానన్నారు. జేపెగ్, పీఎన్‌జీ, టిఫ్‌లలో ఏది పెట్టాలి, ఆల్బమ్‌కీ వాట్సాప్‌కీ ఒకే ఫైల్ సరిపోతుందా అని అడిగారు. ఒకే ఫైల్ వద్దండీ. రెండు చోట్లకీ జేపెగే, కానీ సెట్టింగ్స్ వేరు. వాటన్నిటికంటే ముందు కలర్ స్పేస్, అంటే ఫైల్లో ఏ అంకె ఏ రంగో చెప్పే కొలబద్ద, చూసుకోండి.

మా అక్క పెళ్లి ఆల్బమ్ నేనే చేశాను. ఫార్మాట్ల గురించి నాలుగు రోజులు చదివాను గానీ, దెబ్బ తగిలింది కలర్ స్పేస్ దగ్గర. అడోబ్ ఆర్‌జీబీ అనే కలర్ స్పేస్‌లో రంగులు ఎక్కువ పడతాయని విని అదే పెట్టి ఎక్స్‌పోర్ట్ చేశాను. నా మానిటర్ మీద బ్రహ్మాండంగా ఉంది. ప్రింట్ వేసే ల్యాబ్‌లో మాత్రం వచ్చిన ప్రతి ఫైల్‌నీ ఎస్‌ఆర్‌జీబీ (మామూలుగా అందరూ వాడే కలర్ స్పేస్) అనుకునే ప్రింట్ వేస్తారట. షీట్లు వచ్చాక చూస్తే మెరూన్ పట్టుచీర నాలుగుసార్లు ఉతికినట్టు వెలిసిపోయింది. కాళ్లకు రాసిన పసుపు మట్టిరంగుకి తిరిగింది. ముఖాల్లో కళ లేదు. ఫైల్లో అంకెలు మారలేదు, వాటిని చదివిన కొలబద్దే వేరు. ఆల్బమ్ మొత్తం మళ్లీ వేయించాం. ల్యాబ్ వాళ్లు ప్రత్యేకంగా వేరేది అడిగితే తప్ప ఎస్‌ఆర్‌జీబీనే పెట్టండి. ఫోన్లకీ అదే క్షేమం.

రెండో సంగతి, జేపెగ్‌ని తెరిచి, మార్చి, మళ్లీ దాని మీదే సేవ్ చేయకండి. ఈ ఫార్మాట్ బొమ్మని 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి, కంటికి ఆనని వివరాన్ని వదిలేస్తుంది. దిద్ది సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది. తలంబ్రాల ఫోటో ఒకటి అలా క్రాప్ చేసి ఒకసారి, వెలుగు పెంచి ఒకసారి, పేర్లు రాసి ఒకసారి సేవ్ చేశాను. అదీ చిన్న క్వాలిటీలో. దగ్గరగా చూస్తే గాల్లో ఎగిరే ఒక్కో బియ్యపు గింజ చుట్టూ మురికి మరకలా చేరింది. ఎర్రచీర మీద జరీ అంచు కూడా అలుక్కుపోయింది. తక్కువ క్వాలిటీలో వెలుగు వివరం కంటే రంగు వివరాన్నే ముందు తగ్గిస్తుంది కాబట్టి ఎరుపు అంచుల్లో అది తొందరగా బయటపడుతుంది.

లైట్‌రూమ్‌లో ఈ బాధ లేదు, అసలు ఫైల్‌ని అది ముట్టుకోదు. మార్పు కావాలంటే అక్కడే దిద్ది కొత్త జేపెగ్ తీయండి. ఫోటోషాప్‌లో ఇంకా పని ఉంటే మాత్రం 16 బిట్ టిఫ్‌గా పంపండి. 24 మెగాపిక్సెళ్ల ఫోటో కంప్రెషన్ లేకుండా దాదాపు 144 ఎంబీ అవుతుంది, డిస్క్‌లో చోటు చూసుకోండి. పీఎన్‌జీ ఫోటోలకి దండగ, సైజు పెరగడమే. వెనక బ్యాక్‌గ్రౌండ్ లేని పేర్లు, లోగోలకి అది బాగుంటుంది.

ఆల్బమ్‌కి క్వాలిటీ 90 పైన ఉంచి, సైజు తగ్గించకుండా ఇవ్వండి. 300 పీపీఐ (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు అన్న లెక్క) అన్న అంకె చూసి కంగారు పడొద్దు, అసలు లెక్క పిక్సెళ్లది. 12×36 అంగుళాల షీట్‌కి 300 లెక్కన 3600×10800 పిక్సెళ్లు కావాలి. మీ కెమెరా 6000×4000 ఇస్తుంటే సగం షీట్ నిండా ఒక ఫోటో హాయిగా పడుతుంది. షీట్ మొత్తం ఒకే ఫోటోతో నింపాలంటే పిక్సెళ్లు చాలవు.

వాట్సాప్‌కి పొడవు వైపు 2048 పిక్సెళ్లు, క్వాలిటీ 80 చాలు. బంధువుల్లో ఎవరైనా ప్రింట్ వేయించుకుంటామంటే పెద్ద ఫైల్‌నే డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని మళ్లీ కుదించేస్తుంది.

ఆల్బమ్ మొత్తం ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క ప్రింట్ వేయించి, పగటి వెలుతురులో ఆ పెళ్లి చీర పక్కన పెట్టి చూడండి. రెండోసారి మేం అలాగే చేశాం, అక్క చీర తీసుకొచ్చి చూసి సరేనన్నాకే మిగతా షీట్లు వేయించాం.